అంచు చదివితే సిపాయి కనిపిస్తాడు

వ్యాసం 36 మిల్లీమీటర్లు. బరువు దాదాపు ఒక ఔన్సు. వెయ్యికి 925 పాళ్ల వెండి. ఒకవైపు ఐదో జార్జి తల. రెండోవైపు గుర్రమెక్కిన సెయింట్ జార్జి, గుర్రం డెక్కల కింద ప్రష్యా గద్ద ఉన్న డాలు, పుర్రె, ఎముకలు. అంచుకు దగ్గరగా రెండు సంవత్సరాలు: 1914, 1918. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్ తన సైనికులకు ఇచ్చిన ‘బ్రిటిష్ వార్ మెడల్’ ఇది. శిల్పి విలియం మెక్‌మిలన్. వెండిలో తయారైనవి సుమారు 65 లక్షలు. లెక్క కడితే దగ్గర దగ్గర 200 టన్నుల వెండి.

ఇంత విరివిగా ఉన్న వస్తువుకు సేకరణదారుల బజారులో పెద్ద ధర పలకదు. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి కూడా. కానీ పతకాన్ని వేళ్ల మధ్య నిలువుగా పట్టుకుని, వెలుతురు ఏటవాలుగా పడేలా తిప్పి చూడండి. మూడు మిల్లీమీటర్ల మందం కూడా లేని ఆ అంచు మీద సన్నని పెద్దక్షరాల్లో ఒక వరుస కనిపిస్తుంది. ముందు నంబరు, తరవాత హోదా, పేరు, చివర పటాలం. 65 లక్షల పతకాల్లో ఆ వరుస రెండోసారి రాదు. ఒక్కో అంచుకు పాతిక అక్షరాలనుకున్నా, 16 కోట్లకు పైగా అక్షరాలు ఒత్తారన్నమాట. యుద్ధంలో అలసి, అప్పుల్లో కూరుకున్న ఒక దేశం సాధారణ సిపాయి పేరు కోసం అంత శ్రమ పడటం చిన్న విషయం కాదు. నా దృష్టిలో ఈ పతకం విలువంతా ఆ అంచులోనే ఉంది.

ఈ పద్ధతికి అప్పటికే వందేళ్లు. 1815 జూన్ 18న వాటర్లూ యుద్ధం జరిగింది. ఆ మరుసటి ఏడు ఇచ్చిన వాటర్లూ పతకాలు సుమారు 39 వేలు. సేనాధిపతికీ అదే వెండి పతకం, సిపాయికీ అదే. ప్రతిదాని అంచునా పేరు ఒత్తి ఇచ్చారు. అంతకు ముందు యుద్ధాల్లో పోరాడినవాళ్లకు మాత్రం ఈ అదృష్టం లేదు. 1803లో మరాఠాలతో అస్సయే దగ్గర పోరాడినవాళ్లకు ‘ఆర్మీ ఆఫ్ ఇండియా మెడల్’ వచ్చింది 1851లో, 48 ఏళ్ల తరవాత. అదీ అప్పటికి బతికి ఉండి, అర్జీ పెట్టుకున్నవాళ్లకు. అందుకే 1803 నుంచి 1826 దాకా జరిగిన యుద్ధాలన్నిటికీ కలిపి ఇచ్చినవి నాలుగున్నర వేలే. యుద్ధరంగంలో నిలిచినవాళ్ల సంఖ్యతో ఆ అంకెకు పోలికే లేదు.

మూడు పతకాలు, మూడు తేదీలు

మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ సైనికుడి ఇంట్లో సాధారణంగా రెండో మూడో పతకాలు కలిసి ఉంటాయి. మూడూ ఉంటే జనం ముద్దుగా ‘పిప్, స్క్వీక్, విల్‌ఫ్రెడ్’ అనేవారు. 1919లో డెయిలీ మిర్రర్ పత్రికలో మొదలైన పిల్లల బొమ్మల కథలో కుక్క, పెంగ్విన్, కుందేలు పేర్లవి. రెండే ఉంటే ‘మట్ అండ్ జెఫ్’. పేర్లు సరదాగా ఉన్నాయి గానీ, ఏ పతకం ఉంది, ఏది లేదు అన్న దాన్ని బట్టే మనిషి యుద్ధంలోకి ఎప్పుడు వెళ్లాడో తెలుస్తుంది.

మొదటిది కంచు నక్షత్రం. ఇందులో రెండు రకాలు. 1914 ఆగస్టు 5 నుంచి నవంబరు 22 అర్ధరాత్రి దాకా ఫ్రాన్సులోనో బెల్జియంలోనో ఉన్న పటాలాల్లో పనిచేసినవాళ్లకు ‘1914 స్టార్’. ఆగస్టు 5 బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మరునాడు. నవంబరు 22 మొదటి ఈప్ర్ యుద్ధం ముగిసిన రోజు. ఈ మూడున్నర నెలల్లోనే బ్రిటన్ పాత వృత్తి సైన్యం చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. ఇచ్చిన స్టార్లు సుమారు 3.78 లక్షలు. శత్రువు కాల్పుల పరిధిలో నిజంగా ఉన్నవాళ్లకు రిబ్బన్ మీద తేదీలున్న కడ్డీ అదనం. ఇక 1915 డిసెంబరు 31లోగా ఏదో ఒక రణరంగంలో అడుగుపెట్టి, మొదటి స్టార్‌కు అర్హత లేనివాళ్లకు ‘1914–15 స్టార్’. ఇవి సుమారు 23.66 లక్షలు. ఒకే మనిషికి రెండు స్టార్లూ ఉండవు. వెండి పతకాల లెక్కతో పోల్చితే 1914 స్టార్ పదిహేడింటికి ఒకటి, 1914–15 స్టార్ మూడింటికి ఒకటి చొప్పున వస్తాయి.

రెండోది మొదట చెప్పుకున్న వెండి పతకం. మూడోది కంచు ‘విక్టరీ మెడల్’. ఒకవైపు రెక్కల విజయ దేవత, రిబ్బన్ మీద ఎదురెదురుగా రెండు ఇంద్రధనుస్సులు. మిత్రదేశాలన్నీ ఒకే తరహా పతకం ఇవ్వాలన్నది మార్షల్ ఫాష్ ఆలోచన. బ్రిటన్ వంతు సుమారు 57 లక్షలు. వెండి పతకం మీద 1914–1918 ఉంటే దీని మీద 1914–1919 ఉంటుంది. ఒకటి తుపాకులు ఆగిన ఏడు, ఇంకొకటి వర్సాయ్ సంధి మీద సంతకాలైన ఏడు.

65 లక్షలకూ 57 లక్షలకూ మధ్య ఉన్న తేడా మన దేశం దాకా వస్తుంది. వెండి పతకానికి దేశం దాటి పనిచేస్తే చాలు. విక్టరీ మెడల్‌కు మాత్రం ప్రకటిత రణరంగంలో అడుగుపెట్టి తీరాలి. 1914 అక్టోబరులో టెరిటోరియల్ (పార్ట్‌టైమ్ స్వచ్ఛంద) సైనికుల్ని ఓడల కొద్దీ భారతదేశానికి పంపి, ఇక్కడి కంటోన్మెంట్లలో కాపలాకు పెట్టారు. ఇక్కడ ఉన్న వృత్తి సైనికులు ఫ్రాన్సు వెళ్లగలిగింది అందుకే. కాపలాలోనే యుద్ధమంతా గడిపిన మనిషికి స్టారూ లేదు, విక్టరీ మెడలూ లేదు. యుద్ధానికి ముందు నుంచి టెరిటోరియల్ దళంలో ఉండి, 1914 సెప్టెంబరు ఆఖరుకల్లా విదేశానికి వెళ్తానని ఒప్పుకున్నవాళ్లకు మాత్రం వేరే ‘టెరిటోరియల్ ఫోర్స్ వార్ మెడల్’ ఇచ్చారు. అవి మొత్తం 34 వేల లోపే. ఈ అయిదింటిలోకీ అరుదైనది అదే. యుద్ధం చూడలేదని నొచ్చుకున్నవాళ్ల పతకానికే ఇవాళ ఎక్కువ గిరాకీ.

మొదటివాడు, ఆఖరివాడు

ఈ తేదీల మధ్య దూరం ఎంతో తెలియాలంటే బెల్జియంలో మోన్స్ పట్టణం పక్కన ఉన్న సెయింట్ సింఫోరియన్ శ్మశానవాటిక చూడాలి. అక్కడ జాన్ పార్ సమాధి ఉంది. మిడిల్‌సెక్స్ రెజిమెంటు నాలుగో బెటాలియన్, నంబరు ఎల్/14196. సైకిలు మీద ముందు వెళ్లి శత్రువు జాడ కనిపెట్టే పని అతనిది. 1914 ఆగస్టు 21న చనిపోయాడు. పశ్చిమ రంగంలో శత్రువు చేతిలో మరణించిన మొదటి బ్రిటిష్ సైనికుడు అతనే అంటారు. రాతి మీద వయసు 20. నిజానికి 17. పటాలంలో చేరేటప్పుడు ఎక్కువ చెప్పుకున్నాడు.

అతనికి ఎదురుగా, కొద్ది గజాల దూరంలో జార్జి ఎడ్విన్ ఎల్లిసన్ సమాధి. అయిదో రాయల్ ఐరిష్ లాన్సర్స్. పాత సైనికుడు. సైన్యం నుంచి బయటికొచ్చి బొగ్గు గనిలో పనిచేస్తూ ఉండగా 1914లో మళ్లీ పిలిచారు. మోన్స్ నుంచి కందకాల దాకా నాలుగేళ్లు గట్టెక్కి, 1918 నవంబరు 11న పొద్దున సుమారు తొమ్మిదిన్నరకు మళ్లీ మోన్స్ దగ్గరే కాల్పుల్లో పోయాడు. పదకొండు గంటలకు కాల్పుల విరమణ. వయసు 40. యుద్ధంలో శత్రువు చేతిలో మరణించిన ఆఖరి బ్రిటిష్ సైనికుడిగా అతని పేరు చెబుతారు. ఒకరు మొదటివాడని, ఇంకొకరు ఆఖరివాడని పాతిపెట్టినవాళ్లకు తెలియదు. ఎదురెదురుగా రావడం కాకతాళీయం.

నిబంధనల ప్రకారం ఇద్దరికీ వచ్చేవి అవే మూడు పతకాలు. కొన్ని రోజుల యుద్ధం చూసిన కుర్రాడికీ, నాలుగేళ్ల మూడు నెలలు చూసిన నడివయసు మనిషికీ పతకంలో తేడా లేదు. పతకం యుద్ధంలోకి వెళ్లిన రోజును చెబుతుంది గానీ ఎన్నాళ్లు బతికాడో, ఏం అనుభవించాడో చెప్పదు. ఆ మిగతాదాని కోసం అంచు మీది నంబరు పట్టుకుని కాగితాల్లోకి వెళ్లాలి.

నంబరు చదవడం

1920కి ముందు బ్రిటిష్ సైన్యానికంతటికీ కలిపి ఒకే నంబర్ల వరుస లేదు. ఊరూరా 12వ నంబరు ఇల్లు ఉన్నట్టే రెజిమెంటు రెజిమెంటుకూ 4312వ నంబరు సిపాయి ఉండేవాడు. పటాలం మారితే నంబరూ మారేది. ఒకే మనిషికి మూడు నాలుగు నంబర్లు ఉండటం మామూలే. కాబట్టి నంబరుతో పటాలం పేరు కలిపి చూడకపోతే పక్కవాడి చరిత్ర మన తాతకు అంటగట్టే ప్రమాదం ఉంది.

అయినా నంబరు చాలానే చెబుతుంది. ఆర్మీ సర్వీస్ కోర్‌లో ముందు ‘ఎం’ ఉంటే మోటారు వాహనాలు, ‘టి’ ఉంటే గుర్రపు బళ్లు, ‘ఎస్’ ఉంటే సరుకుల సరఫరా. పదాతి దళంలో ఆరంకెల నంబరు 2తో మొదలైతే టెరిటోరియల్ బెటాలియన్ అని అనుమానించవచ్చు. 1917 మొదట్లో పాత చిన్న నంబర్లు తీసేసి వాళ్లకు కొత్తవి ఇచ్చారు. సాధారణంగా ఒక రెజిమెంటులోని మొదటి టెరిటోరియల్ బెటాలియన్‌కు 200001 నుంచి 240000 దాకా, తరవాతి దానికి 240001 నుంచి. అంటే 200347 అన్న నంబరు చూడగానే మనిషి 1917 ఆరంభంలో ప్రాణాలతో ఉన్నాడని తెలుస్తుంది, ఏ బెటాలియనో కూడా ఊహించవచ్చు. ఏడంకెల నంబరు కనిపిస్తే అది 1920లో సైన్యమంతటికీ ఒకే వరుస పెట్టిన తరవాతిది.

నంబరూ పేరూ దొరికాక చూడవలసింది మెడల్ ఇండెక్స్ కార్డు. ఏ సైనికుడికి ఏ పతకం ఇవ్వాలో తేల్చడానికి ఆర్మీ మెడల్ ఆఫీసు రాసుకున్న కార్డులివి. సుమారు 50 లక్షలు. పైన పేరు, పటాలం, హోదా, నంబరు. కింద ఏ పతకానికి ఏ పట్టికలో ఏ పేజీ. అట్టడుగున రెండు చిన్న గడులు: మొదట అడుగుపెట్టిన రణరంగం, అడుగుపెట్టిన తేదీ. రణరంగం దగ్గర 1 అని ఉంటే ఫ్రాన్సు, బెల్జియం. 2బి అంటే గలిపొలి. 3 అంటే ఈజిప్టు.

తేదీ గడి చాలా కార్డుల్లో ఖాళీగా ఉంటుంది. చూసినవాళ్లు నిరాశపడతారు. పడనక్కర్లేదు. స్టార్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికే గుమస్తాకు ఆ తేదీ కావాలి. 1916 జనవరి 1 తరవాత వెళ్లినవాడికి స్టార్ లేదు, కాబట్టి తేదీ అవసరమూ లేదు. అంటే ఖాళీ గడికి అర్థం ఉంది. బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది కూడా 1916 జనవరిలోనే. స్టార్ లేకుండా రెండు పతకాలే ఉన్నాయంటే బలవంతాన చేర్చినవాడని చాలామంది తీర్మానించేస్తారు. అది తొందరపాటు. 1914లో ఉత్సాహంగా చేరి, ఏడాదికి పైగా శిక్షణలో ఉండి, 1916లో ఓడెక్కినవాళ్లు వేలకు వేలు. చేరిన తేదీ వేరు, వెళ్లిన తేదీ వేరు.

1940 సెప్టెంబరు

చేరిన తేదీ, వయసు, ఎత్తు, వృత్తి, పెళ్లాం పిల్లల పేర్లు, గాయాలు, శిక్షలు, సెలవులు అన్నీ సర్వీసు ఫైల్లో ఉంటాయి. ఆ ఫైళ్లను లండన్‌లో వాల్‌వర్త్ ప్రాంతంలోని ఆర్న్‌సైడ్ వీధి గిడ్డంగిలో పెట్టారు. 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబుదాడిలో గిడ్డంగి అంటుకుంది. సిపాయిల ఫైళ్లలో 60 శాతం దాకా బూడిదయ్యాయి. మంటకూ, దాన్ని ఆర్పడానికి కొట్టిన నీటికీ తట్టుకుని మిగిలినవి, తరవాత పింఛను శాఖ కాగితాల నుంచి కూడదీసినవి కలిపి సుమారు 28 లక్షలు. మంటను తట్టుకుని మిగిలినవాటిని పరిశోధకులు ‘కాలిన పత్రాలు’ అంటారు. తెరిస్తే అంచులు గోధుమరంగులో కమిలి, మూలలు రాలి, సిరా నీటిమరకల్లో కలిసిపోయి ఉంటుంది. లండన్ శివారులోని క్యూలో, జాతీయ అభిలేఖాగారంలో వీటి ప్రతుల్ని చూడవచ్చు.

అయిదుగురిలో ముగ్గురి చరిత్ర అలా పోయింది. వాళ్లలో చాలామందికి ఇవాళ మిగిలింది ఆ కార్డు, పతకాల పట్టికలో ఒక వరుస, పతకం అంచు. ఇక వాళ్లు పనిచేసిన బెటాలియన్ యుద్ధ దినచర్య చదవాలి. వెయ్యి మందికి ఒక పుస్తకం. ఏ రోజు ఎక్కడున్నారో, ఎంతమంది పోయారో అందులో ఉంటుంది. అధికారి పోతే పేరు రాస్తారు, సిపాయిలు పోతే మాత్రం అంకె వేసి ఊరుకుంటారు. సిపాయికి పేరు దక్కింది పతకం అంచునే.

గాయపడో జబ్బుపడో ఇంటికి పంపినవాళ్లకు 1916 సెప్టెంబరు నుంచి వెండి బ్యాడ్జి ఇచ్చారు. ఇవి సుమారు 11.5 లక్షలు. యుద్ధానికి వెళ్లకుండా తిరుగుతున్నాడని వీధిలో అవమానించకుండా మామూలు దుస్తుల మీద పెట్టుకునేందుకు. దాని వెనక ఉన్నది బ్యాడ్జి నంబరు, సర్వీసు నంబరు కాదు. చనిపోయినవాళ్ల ఇళ్లకు 120 మిల్లీమీటర్ల కంచు ఫలకం పంపారు. సుమారు 13.55 లక్షలు. దాని మీద పేరు ఒక్కటే ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది, హోదా ఉండదు. చావులో సేనాధిపతీ సిపాయీ సమానమని కావాలనే తీసేశారు. పతకాలన్నిటికంటే ఆ నిర్ణయం గొప్పదని నాకనిపిస్తుంది.

వెండి, కంచు

ఆ సమానత్వం అందరికీ దక్కలేదు. బ్రిటిష్ వార్ మెడల్ కంచులో కూడా సుమారు 1.10 లక్షలు చేశారు. అవి ఇచ్చింది చైనా, మాల్టా, భారత కూలీ దళాలకు. అదే జార్జి తల, అదే గుర్రం, అదే రిబ్బన్. మందుగుండు పెట్టెలు మోసి, రోడ్లు వేసి, కందకాలు తవ్వినవాడికి మాత్రం వెండి లేదు. ఆయుధం పట్టిన భారత సిపాయికి వెండి ఇచ్చారు, మోతగాడికి కంచు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆనాటి సామ్రాజ్యం మనుషుల్ని ఎలా తూకం వేసిందో వేరే చెప్పనక్కర్లేదు.

భారతదేశం నుంచి సముద్రం దాటి వెళ్లినవాళ్లు పది లక్షలకు పైనే. తిరిగి రానివాళ్లు సుమారు 74 వేలు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు సాపర్స్ పటాలంలో తెలుగువాళ్లు చేరేవారు. ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో నిజాం సంస్థానం పంపిన హైదరాబాద్ లాన్సర్స్ ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబెట్టిన మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదుది, మిగతావి జోధ్‌పూర్, మైసూరు సంస్థానాలవి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఆ యుద్ధం నాటి నుంచి సైన్యానికి మనుషుల్ని పంపుతూ, ఊరి పేరుకు ముందు ‘మిలిటరీ’ చేర్చుకుంది. పంజాబుకు చెందిన 3.2 లక్షల మంది సైనికుల వివరాలున్న రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దొరికాయి. 2021 నుంచి వాటిని ఇంటర్నెట్‌లో ఉంచుతున్నారు. తెలుగు జిల్లాల సిపాయిలకూ అలాంటి జాబితా ఒకటి తయారు కావాలి. అంతదాకా ఇళ్లలోని పతకాలే ఆధారం.

ఆ ఆధారాలు తరిగిపోతున్నాయి. 1980 జనవరిలో వెండి ధర ఔన్సు 50 డాలర్ల దాకా ఎగబాకినప్పుడు పతకంగా వచ్చే డబ్బు కంటే వెండిగా వచ్చే డబ్బు ఎక్కువైంది. బ్రిటన్‌లో ఎన్నో పతకాలు కొలిమిలోకి వెళ్లాయి. అందుకే చాలా చోట్ల కంచు విక్టరీ మెడల్ ఒంటరిగా మిగిలి కనిపిస్తుంది. జత విడదీసి అమ్మడం మరో నష్టం. స్టార్ వెనక సాధారణంగా యుద్ధానికి వెళ్లిననాటి హోదా ఉంటుంది, మిగతా రెండింటి మీద తరవాత పొందిన హోదా. మూడూ కలిసి ఉంటేనే ఆ ఎదుగుదల తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధానికి వచ్చేసరికి బ్రిటన్ పొదుపు పాటించి తన సైనికుల స్టార్ల మీద పేర్లు ఒత్తడం మానేసింది. ఆ పతకం పెట్టెలో నుంచి బయటికొస్తే ఎవరిదో చెప్పే దారే లేదు. ఆ కాలపువాళ్ల కోసం బ్రిటన్ రక్షణ శాఖ దగ్గరున్న 97 లక్షల ఫైళ్లను 2022 నుంచి జాతీయ అభిలేఖాగారానికి తరలిస్తున్నారు. వాటిలో వెతకాలన్నా ముందు పేరో నంబరో చేతిలో ఉండాలి.

మీ ఇంట్లో, మీ పెద్దల ట్రంకు పెట్టెలో ఇలాంటి పతకం ఉంటే చింతపండుతో తోమకండి, పాలిష్ పెట్టకండి. రుద్దిన కొద్దీ ముందు అరిగిపోయేవి అంచు మీది అక్షరాలే. కిటికీ పక్కన పెట్టి, అంచును నాలుగు పక్కలా ఫొటో తీయండి. అంకెలు, చుక్కలు, గీతలు ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసుకోండి. పక్కనే ఆ మనిషి పేరు, ఊరు, మీకు ఏమవుతారో రాసి, ఆ కాగితాన్ని పతకంతో పాటే ఉంచండి. జత ఉంటే విడదీయకండి.